ఆ లోకంల అన్నం ఎవరు వండుతరు?

మేడ్చల్,
ఆదివారం పొద్దున

దోస్తూ,

"ఏమన్న మంచి ఫాంటసీ నవలలుంటే చెప్పు, పిల్లలయి మాత్రం వద్దు" అని ఒక్క ముక్క రాసి పడుకున్నవు. నీకది ఒక్క ముక్కనే, నాకు వారం నుంచి అదే ధ్యాస. ఫోన్ల చెప్తే సగం విని సగం వదిలేస్తవని కాయితం ముందటేసుకున్న.

ముందుగాల నీ సంగతి. టోల్కీన్ నీకు కంఠతా వచ్చు. మార్టిన్ ఐదు పుస్తకాలు చదివి, 2011 నుంచి ఆరోదాని కోసం కాచుకొని కూసున్న గుంపుల నువ్వూ ఉన్నవు. శాండర్సన్ వెయ్యి పేజీల పుస్తకం తెస్తే ఎడిసన్ నుంచి న్యూయార్క్ పోయే రైలుల వారంరోజులల్ల ఒడగొడ్తవు. అన్నీ చదివినోనికి చెప్పేదేముంది అనిపించింది. తర్వాత ఒకటి తట్టింది. నువ్వు ఈ మధ్య చదివినయన్నీ చాన మటుకు కోట బురుజు మీద నిలబడి చూసిన కథలు. సింహాసనం ఎవలది, జోస్యంల ఉన్న పిల్లగాడు ఎవడు, మంత్రానికి రూల్సేంది. శాండర్సన్ మంత్రాలైతే కరెంటోళ్ళ మాన్యువల్ లెక్క పక్కాగ ఉంటయి. ఆయన పనితనాన్ని కాదంటలేను గాని, పుస్తకం మూసినంక నాకు ఒక్క మనిషి గుర్తుండడు.

పెద్దోళ్ళ ఫాంటసీ అంటే నెత్తురు ఎక్కువ, బట్టలు తక్కువ అని పబ్లిషర్ల లెక్క. నా లెక్క వేరే. నేను చేసే పని నీకెరుకే కదా, తుర్కపల్లి దిక్కు కంపెనీల క్యాంటీన్లకు మూడు షిఫ్టుల తిండి పంపుడు. తెల్లారగట్ల బియ్యం కడిగే నీళ్ళ సప్పుడుతోనే నా దినం మొదలైతది. ఈ జీనోమ్ వ్యాలీల నుంచే కొవాగ్జిన్ వచ్చింది. దేశమంత టీకా గురించి మాట్లాడుకున్నది. నైట్ షిఫ్టుల కూసున్న పిల్లలకు పప్పన్నం యాడికెల్లి వచ్చిందని ఎవరన్న అడిగిన్రా? అందుకే ఏ మాయలోకం పుస్తకం తెరిచినా నేను చూసేది ఇదే: ఈ లోకంల అన్నం ఎవరు వండుతున్నరు? గుర్రానికి గడ్డి ఎవరేస్తున్నరు? జవాబు దొరికిన పుస్తకంల మాయను కూడా నమ్ముత. దొరకకపోతే డ్రాగన్ ఎంత పెద్దదైనా అట్టబొమ్మనే.

టోల్కీన్ ఈ పరీక్ష పాసైండు, చూడు. 1937ల వచ్చిన హాబిట్ మొదలయ్యేదే మరుగుజ్జులు గుంపుగ వచ్చి బిల్బో ఇంట్ల తిండంత ఊడ్చేసుడుతోని. ఆయన తర్వాతి పెద్ద కథల, మోర్డార్ పోయే తొవ్వల, చావు ముందట పెట్టుకొని, శామ్ కుందేలు కూర వండుతడు. ఆ గిన్నెలు వాడు ఇంటికాడి నుంచి మోసుకొచ్చినయి. నీకు యుద్ధాలు గుర్తుంటయి, నాకా గిన్నెలు గుర్తున్నయి.

ఇగ మనోళ్ళ దిక్కు వస్త. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు. నువ్వు 'పాతాళభైరవి' సినిమా చూసుడే గాని, దాని వేర్లు ఎక్కడున్నయో పోయి చూడలే. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి పోవాలె, తోడు ఎవరూ రారు. పసులగాసే పిల్లగాడొకడు, మజిలీకో కథ చెప్తనంటేనే వస్తనని షరతు పెడ్తడు. మజిలీ అంటే ఏంది? దిగుడు, వండుకునుడు, తినుడు, పండుడు. ఈ నడుమల పిల్లగాడు ఊర్లెకు పోయి ఏదో ఒక వింత చూసొస్తడు, దాని కథ చెప్పేదాంక యతిని వదలడు. మాంత్రికులు, రాక్షసులు, రూపం మార్చే రాకుమార్తెలు అందరూ ఆ పొయ్యి చుట్టే తిరుగుతరు. భాష గ్రాంథికం, మొదటి ఇరవై పేజీలు పండ్ల కింద రాయి పడ్డట్టుంటది, తర్వాత అలవాటైతది. రాకుమార్తెల అందం వర్ణించే కాడ నేను పేజీలు తిప్పేస్త, నువ్వూ తిప్పెయ్యి, పాపం తగలదు. రాత్రికొక్క మజిలీకన్న ఎక్కువ చదవకు. ఇది రైలుల ఊదేసే పుస్తకం కాదు.

చందమామ సీరియల్స్ పిల్లలయి అంటవని తెలుసు. ఆగు. దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954ల 'తోకచుక్క'తోని మొదలుపెట్టి ఇరవై ఏండ్లకు పైగ రాసిన ఆ సీరియల్స్‌ను ఇప్పుడు మళ్ళ చదువు. 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'భల్లూక మాంత్రికుడు'. సీరియల్ మీద ఆయన పేరు కూడా ఉండకపోతుండె. నెల నెలా వచ్చిన ఆ మాంత్రికులను ఎవరు పుట్టించిన్రో తెల్వకుండనే తెలుగు పిల్లలు రెండు తరాలు పెరిగిన్రు. బొమ్మలు చిత్రాగారివి. బ్రహ్మదండి మాంత్రికుని మొఖం నాకిప్పటికీ చుట్టాల మొఖం లెక్కనే యాదికొస్తది.

'ముగ్గురు మాంత్రికులు' గుర్తుందా? మీ నాయన తెచ్చిన బైండు పట్టుకొని శామీర్‌పేట చెరువు కట్ట మీద చదివినం. పింగళుడు చేపలు పట్టేటోడు. వాని కాడికి ఒకడొచ్చి, నా చేతులు కట్టి నన్ను చెరువుల తొయ్యి, చేతులు ముందుగాల పైకొస్తే వలేసి గుంజు, కాళ్ళొస్తే నేను పోయిన్ననుకో అంటడు. అది చదివినంక నువ్వు తువ్వాలతోని నా చేతులు కట్టి నీళ్ళల్లకు దింపబోతే చేపలు పట్టేటోళ్ళు తెడ్డు పట్టుకొని ఉరికిచ్చిన్రు. ఆ కథ మూలం వెయ్యిన్నొక్క రాత్రులల్ల ఉన్నది. జూదర్ అనే చేపలోని కథ. మొన్న ఆ అరబ్బు కథ చదివిన. చిన్నప్పుడు మనకు మాంత్రికులే కనిపించిన్రు. ఇప్పుడు ఆ తల్లి కనిపిస్తున్నది. పెద్దకొడుకులు ఆమెను కొట్టి, ఉన్నది గుంజుకొని, బయటికి నూకుతరు. చిన్నోడు మాంత్రికుని పని చేసి తిరిగొచ్చేసరికి ఆమె వీధిల అడుక్కుంటుంటది. వాడు మాంత్రికుని తాన కూలి కింద తెచ్చుకున్నదేందో తెలుసా? ఏ వంటకం పేరు చెప్తే ఆ వంటకం వచ్చే సంచి. లోకాన్ని గెలిచే ఉంగరం అందుబాటుల ఉన్న కథల, ముందుగాల ఒక తల్లి కడుపు నిండుతది. పదేండ్లప్పుడు ఆ పేజీ దాటేసినం. ఇప్పుడు దాటలేవు.

నువ్వడిగిన "నా వయసుకు తగ్గది" ఒక్కటే చెప్పుమంటే, అది ఉర్సులా లెగ్విన్ 'తెహాను'. ఎర్త్‌సీ మొదటి పుస్తకం 1968ల వచ్చింది, అది నువ్వు ఇంజనీరింగ్‌ల చదివినవు. మూడోది చదివినవో లేదో. 1972ల వచ్చిన ఆ మూడో పుస్తకంల మాంత్రికుడు గెడ్ తన శక్తంత ఖర్చు పెట్టేస్తడు. అక్కడితోనే కథ అయిపోయిందనుకున్నరు అందరు. 1990ల ఆమె మళ్ళొచ్చి నాలుగోది రాసింది. అంత పెద్ద మాంత్రికుడు, డ్రాగన్లతోని మాట్లాడినోడు, ఇప్పుడు చేతుల ఏం లేదు. మనుషులకు మొఖం చూపియ్యలేక గుట్ట మీదికి పోయి మేకలు కాస్తడు. కథ మాత్రం ఆయనది కాదు, తెనార్‌ది. ఒకప్పుడు సమాధుల గుడిల పూజారిణి, ఇప్పుడు రైతు పెండ్లాం, మొగడు చచ్చిపోయిండు, పిల్లలు పెద్దగైన్రు. కన్నోళ్ళే నిప్పులల్ల పడేసిన ఒక ఆడపిల్లను తెచ్చి సాకుతుంటది. సగం మొఖం కాలిపోయిన పిల్ల. చూసినోళ్ళు మొఖం తిప్పుకునే పిల్ల.

ఈ పుస్తకంల యుద్ధం లేదు. ఒక కాడ తెనార్ కొడుకు ఓడ మీదికెల్లి ఇంటికొస్తడు, తిని లేస్తడు, గిన్నె కడగమంటే అది ఆడోళ్ళ పని అంటడు. అంతే. పోయిన మంత్రశక్తి, కడగని గిన్నె రెండూ ఒక్క తూకంల వేసి చూపెట్టే ధైర్యం ఇంకొక ఫాంటసీ రచయితకు ఉన్నట్టు నాకు కనపడలే. చానమంది పాత అభిమానులకు ఈ పుస్తకం నచ్చలే. గెడ్‌ను ఇట్ల చేసిందేంది అన్నరు. నీకు నచ్చుతదో లేదో చూడాల్నని ఉన్నది నాకు. మొన్న లాల్‌గడి మలక్‌పేట దిక్కు పోతుంటే ఒక పెద్దాయన గొంగడేసుకొని మేకలను రోడ్డు దాటిస్తున్నడు. వెనుక కంటైనర్ లారీ హారన్ కొట్టుకుంట ఆగింది, ఆయన మాత్రం తిరిగి చూడలే. ఈయన ఒకప్పుడు ఏమన్న చేసి వచ్చి ఇప్పుడిట్ల ఉన్నడేమో అనిపించింది. పుస్తకాల పిచ్చి ఇదే.

సుసానా క్లార్క్ మొదటి నవల 2004ల వచ్చింది, లావుది, ఇంగ్లండ్ మాంత్రికులది, దాన్ని పక్కన పెట్టు. 2020ల వచ్చిన 'పిరనేసీ' సన్నది, రెండు రాత్రులల్ల అయిపోతది. ఒక అంతులేని ఇల్లు. అన్నీ హాళ్ళే, గోడ పొడుగునా విగ్రహాలే, కింది అంతస్తులల్లకు సముద్రం పోటెత్తుతది. అందులుండే మనిషి పోట్లకు పట్టిక రాసుకుంటడు, చేపలు ఎండబెట్టుకుంటడు, సముద్రపు నాచుతోని సూప్ కాచుకుంటడు. సంవత్సరాలకు అంకెలు పెట్టడు, ఒక పెద్ద సముద్రపక్షి వచ్చిన ఏడాదికి ఆ పక్షి పేరే పెట్టుకుంటడు. మంగళవారం, శుక్రవారం ఇంకొకాయన ఇస్త్రీ బట్టలేసుకొని వచ్చి మాట్లాడి పోతడు. ఆయన యాడికెల్లి వస్తడు? ఇంక చెప్ప. నెట్‌ల వెతుకకు, నా మీద ఒట్టు.

విశ్వనాథ అంటే నీకు 'వేయిపడగలు' ఒక్కటే, అదీ పరీక్ష కోసం. ఆయన 'హాహాహూహూ' నూరు పేజీలు కూడా ఉండదు. గుర్రం తల ఉన్న ఒక గంధర్వుడు రెక్కలు విరిగి లండన్ల ట్రఫాల్గర్ స్క్వేర్ల పడ్తడు. తెల్లదొరలు బోనుల పెడ్తరు. ఆయన మాట్లాడేది సంస్కృతం. ఇంక తమాషా చూడు! నాగరికులెవలో జంతువెవలో చివరిదాంక తేలదు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' కూడా అందుకో. పంచతంత్రం చెప్పి మొద్దు రాకుమారులను బాగుచేసిన విష్ణుశర్మ, తోడుగ తిక్కన సోమయాజి, ఇద్దరు స్వర్గం నుంచి దిగొచ్చి ఇంగ్లీషు పాఠం చెప్పుమంటరు. నవ్వీ నవ్వీ కడుపు నొస్తది. మీ ఇంట్ల తెలుగు చదవరానోళ్ళకు వెల్చేరు నారాయణరావుగారి ఇంగ్లీషు అనువాదమున్నది, ఈ రెండూ ఒక్క పుస్తకంగ 2018ల పెంగ్విన్ వేసింది. విశ్వనాథ పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు మాత్రం జాగ్రత్త. తెల్లోళ్ళు రాసిన మన చరిత్ర తేదీలు తప్పని కొట్లాడుకుంట రాసినయవి. చరిత్రగ చదివితే నాకూ ఆయనకు పొసగదు. ఫాంటసీగ చదివితే మాత్రం, 'పులిమ్రుగ్గు' లాంటిది ఇంకెవలూ రాయలే.

యండమూరి 'తులసిదళం' నువ్వు దుప్పటి కప్పుకొని చదివినవు. దాని మీద రంగనాయకమ్మగారు రాసిన 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' కూడా ఇప్పుడు చదువు. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చదివితేనే మజా. నేను రంగనాయకమ్మగారి వాదం వైపే, కాని రాత్రి బయటికి పోవాల్నంటే భయం పుట్టించింది యండమూరే.

నా పరీక్షల ఫెయిలై కూడ చదవాల్సింది ఒకటున్నది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'. పదహారో శతాబ్దం పద్యకావ్యమని ముడుచుకోకు. అందుల వంట ముచ్చట నాకు యాదికి రాదు. కాని ఒక పసిపాప ఉన్నట్టుండి పోయిన జన్మ కథంత విప్పి చెప్తది! ఒకటే రూపంల ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు ఎదురుపడ్తరు, అసలెవలో నకలెవలో తేలక చదివేటోడు తన్నుకోవాలె. అన్నిటికీ మించి, బ్రహ్మ సరస్వతికి సరసంగ చెప్పిన ఒక కథ నిజమై, మనుషులై, భూమి మీద తిరుగుతుంటది. ఇప్పటి రచయితలు కథలో కథ అని గొప్ప చెప్పుకుంటరు. నంద్యాల రాజు కొలువుల కూసొని సూరన ఎప్పుడో చేసి పెట్టిండు. నారాయణరావు, షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002ల కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. మీ దిక్కు లైబ్రరీలల్ల దొరుకుతది. దాన్ని ముందు చదివి, తర్వాత పద్యాల జోలికి పో.

ఉర్దూల 'తిలిస్మె హోష్‌రుబా' అని పెద్ద సముద్రమున్నది. లక్నోల 1883 నుంచి సంపుటాలుగ అచ్చైంది. మొదటి భాగం ఇంగ్లీషుల ముషర్రఫ్ అలీ ఫారూఖీ చేసిండు. అమర్ అయ్యార్ అనే పిసినారి మాయగాని కోసమన్న చదువు. వాని సంచిల లోకమంత పడ్తది, ఒక్క పైస మాత్రం బయటికి రాదు.

ఇప్పటోళ్ళల్ల శ్రీలంకాయన వజ్ర చంద్రశేఖర రాసిన 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' చూడు, 2023ది, నెబ్యులా వచ్చింది. జోస్యంల పేరుండి అక్కరకు రాకుండ పోయిన పిల్లలందరు ఒక కాడ కూసొని కష్టసుఖాలు చెప్పుకుంటరందుల. మన బీటెక్ బ్యాచ్ గుర్తొస్తది.

గై గావ్రియెల్ కే 'టిగానా' (1990) ఒక్కటి ఏడిపిస్తది. కొడుకు యుద్ధంల చచ్చిపోయిన కోపంతోని ఒక మాంత్రికరాజు ఆ దేశం పేరునే లోకం చెవులల్లకెల్లి తుడిచేస్తడు. అక్కడ పుట్టినోళ్ళు తప్ప ఇంకెవలు ఆ పేరు వినలేరు. మన కాడ కూడ పేర్లు అట్లనే పోతున్నయి. 2016 అక్టోబర్ల జిల్లాలు చీల్చినంక మనది మేడ్చల్-మల్కాజిగిరి అయ్యింది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పొంటి పోతే వెంచర్ల బోర్డుల మీద ఊరి పేర్లే కనపడవు, అన్నీ ఇంగ్లీషు పూలు, తోటలు. నీ పొలం అమ్మిన కాడ కూడా ఒక బోర్డున్నది. దాని మీద రాసింది నేను చెప్ప, మీ అమ్మను అడుగు, ఆమె నోరు తిరగక పెట్టిన పేరు ఇంకా బాగుంటది.

ప్రాచెట్ నలభై ఒక్క డిస్క్‌వరల్డ్ నవలలు రాసిండు, నువ్వు ఒక్కటీ ముట్టలే, నవ్వించే ఫాంటసీ ఫాంటసీ కాదని నీ పట్టు. 'స్మాల్ గాడ్స్' (1992) చదివి చెప్పు. ఓమ్ అనే మహాదేవుడు గుడి కట్టిచ్చుకున్నడు, సైన్యముంది, అధికారులున్నరు, శిక్షలున్నయి. కాని నిజంగ నమ్మేటోడు ఒక్కడే మిగిలిండు, గుడి తోటల పుచ్చకాయల మడి తవ్వే బ్రూతా. నమ్మిక ఎంతుంటే దేవునికి అంత బలం కాబట్టి ఓమ్ తాబేలై దిగిండు. ఆకులు మేస్తడు, గద్దను చూస్తే వణుకుతడు. నువ్వు ఈ పుస్తకం చదివినంక వచ్చినప్పుడు సర్వీసు రోడ్డు పక్క వేపచెట్టు కింద మన పోచమ్మను చూడాలె. చుట్టూ గేటెడ్ కమ్యూనిటీ కాంపౌండు లేసింది. బోనాలప్పుడు పాత ఊరోళ్ళు కొందరు బోనమెత్తుకొని వస్తరు, వాచ్‌మెన్‌ను అడిగి లోపలికెల్లి తిరిగి పోతరు. ప్రాచెట్ ఆ చెట్టు కాడికి వస్తే ఇంకో నవల రాసేటోడు.

కీసరగుట్టకు కూడ పోదాం. రాముడు శివలింగం ప్రతిష్ఠ చేద్దామని కాశీకెల్లి తెమ్మంటే హనుమంతుడు తెచ్చేసరికి ఆలస్యమైంది, ముహూర్తం దాటుతదని రాముడు వేరే లింగం పెట్టేసిండు, కోపమొచ్చి హనుమంతుడు తను తెచ్చిన నూటొక్క లింగాలను గుట్ట మీద విసిరేసిండని కథ. ఆ లింగాలు ఇప్పటికీ ఎండల, వానల, మెట్ల పొంటి, బండల నడుమ కూసున్నయి. శివరాత్రికి వాటి మధ్యలనే జనం అరిటాకులేసుకొని పులిహోర తింటరు. ఏ మాయలోకం మ్యాప్ల కథ జరిగిన చోటును ఇంత నిక్కచ్చిగ చూపెడ్తరు?

పని సంగతి ఒకటి. మీ అమ్మ వచ్చే నెల అక్కడికి వస్తున్నది కదా, రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. నేను శామీర్‌పేటకు పోయి పుస్తకాల ముచ్చట తీసిన. మామిడికాయ తొక్కు, గోంగూర, సకినాలు, నీ బిడ్డ కోసం పట్టు లంగా, ఇవన్నీ పోను నాకు మూడు కిలోలు ఇస్తనన్నది, అది గూడ బతిమాలితే. కాశీమజిలీ పన్నెండు భాగాలు ఆ లెక్కల పట్టవు. లెగ్విన్, క్లార్క్, ప్రాచెట్ నీకు అక్కడనే దొరుకుతరు. 'హాహాహూహూ' సన్నదే, అది నేనే పెడ్త. మిగిలిన జాగల కాశీమజిలీ మొదటి భాగమా, 'రాకాసిలోయ'నా, సూరన పద్యాలకు వ్యాఖ్యానమున్న లావు పుస్తకమా, నువ్వే చెప్పాలె. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్ని చూసి పెట్టిన, కాచిగూడ నవోదయల కొన్నున్నయి. శుక్రవారం లోపల చెప్పు. చెప్పకపోతే మీ అమ్మ ఆ మూడు కిలోలకు కూడా సకినాలు నింపుతనన్నది, ఆమె అన్నంత పని చేస్తది.

నీ
దోస్తు